లేచి వెళ్ళిన కుర్చీ

జూన్ వచ్చిందంటే తిరుత్తణిలో రెండు వరసలు కనిపిస్తాయి. కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి ఒకటి, కొండ కింద సర్టిఫికెట్లకి ఒకటి. మొదటి వరసలో చేరాలంటే 365 మెట్లు ఎక్కాలి. రెండోదానికి అంత శ్రమ లేదు. బస్టాండు చుట్టుపక్కల ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే ఏ జిరాక్స్ అంగడి ముందు నిలబడినా చాలు.

అంగట్లో కుర్రాడు ఒక్కడే, నోట మూడు భాషలు. ఫోనులో తమిళం, తెర మీద ఇంగ్లీషు, ఎదురుగా నిలబడ్డ తల్లితో తెలుగు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసింది గానీ, తెలుగు ఈ ఊరి నోటిని వదల్లేదు. “అక్కా, ఫోనుకు నంబరు వచ్చుంటుంది, చెప్పు” అంటాడు కుర్రాడు. ఆమె కొడుకు చేతిలోంచి ఫోను తీసుకుని ఆరంకెలూ పైకి చదువుతుంది, వరసలో ఉన్న పదిమందికీ వినిపించేలా. కొడుకు కాలేజీ సీటుకు కావలసిన కమ్యూనిటీ సర్టిఫికెట్టు దరఖాస్తు వెళ్ళిపోయింది. రసీదు రావాలి. ప్రింటరులో కాగితం అయిపోయింది.

“అన్నా, రవంత చూసుకో, బిన్నా వచ్చేస్తా” అని పక్కంగడి ఆయనకి చెప్పి కుర్రాడు లేచాడు. కాగితం కట్టకని వెళ్ళినవాడు దారిలో టీ తాగకుండా రాడు.

ఇప్పుడు తెర వైపు చూడాలి. దరఖాస్తులు పంపే ప్రభుత్వ ఈ-సేవై పేజీ తెరిచే ఉంది, పైన మూల కుర్రాడి లాగిన్ పేరు. పక్క ట్యాబులో పొద్దున ఎవరో టికెట్టు ప్రింటు కోసం తెరిచి మూయడం మరిచిన జీమెయిల్. ఇంకో ట్యాబులో వాట్సాప్ వెబ్. వెనకాల డెస్క్‌టాప్ నిండా ఆధార్ పీడీఎఫ్‌లు, ఎవరివి వాళ్ళ పేర్లతోనే. తలుపు బార్లా తీసి ఉంది, ఇంట్లో మనిషి లేడు. పక్కంగడి ఆయన చూసుకుంటున్నది గల్లా పెట్టెను. కంప్యూటర్ని కూడా చూసుకోవాలని ఆయనకి తోచదు, కుర్రాడికీ తోచలేదు.

ఆ పది నిమిషాల్లో ఏమీ జరగదు. రేపూ జరగదు, ఎల్లుండీ జరగదు. ఏమీ జరగకపోవడం వల్లే ఈ అలవాటు పోవడం లేదు.

విస్తరి ముందు ఎవరున్నా ఒకటే

లాగిన్ అయినప్పటి నుంచి లాగౌట్ అయ్యేదాకా నడిచే వ్యవహారాన్ని కంప్యూటర్ వాళ్ళు ‘సెషన్’ అంటారు. అదేమిటో తెలియాలంటే పెళ్ళి భోజనాల బంతి గుర్తు తెచ్చుకుంటే చాలు. గుమ్మం దగ్గర ఎవరో ఒకరు నిలబడి పలకరిస్తారు, ఎవరి తాలూకో కనుక్కుంటారు. ఒకసారి విస్తరి ముందు కూర్చున్నాక అడిగేవాడుండడు. వడ్డించే మనిషి విస్తరిని చూస్తాడు, మొహాన్ని చూడడు. చెయ్యి కడుక్కోవాలని ఒకరు లేచిన చోట ఇంకొకరు కూర్చుంటే నెయ్యి వాళ్ళ అన్నం మీదే పడుతుంది.

పాస్‌వర్డు గుమ్మం దగ్గరి పలకరింపు. ఓటీపీ కూడా అంతే, కాకపోతే రెండోసారి పలకరింపు. అవి దాటాక కంప్యూటర్ దృష్టిలో మనిషి లేడు, విస్తరి ఉంది. ఆ కీబోర్డు మీద ఎవరి వేళ్ళు పడినా అది మొదట కూర్చున్నవాడి పనిగానే రాసుకుంటుంది. పాస్‌వర్డు ఎంత పొడుగ్గా పెట్టుకున్నా, అందులో ఎన్ని చుక్కలూ డాలర్లూ కలిపినా ఈ ఒక్క సంగతి మారదు.

తిరువళ్ళూరు, తిరుత్తణి తెలుగువాళ్ళకి పాస్‌వర్డుకి ఇంకో పేరు కూడా తెలుసు, తమిళ పేజీల్లో కనిపించే ‘కడవుచ్చొల్’. కడవు అంటే దాటి వెళ్ళే దారి. పాస్‌పోర్టును కూడా తమిళంలో కడవుచ్చీట్టు అనే అంటారు. తెలుగు చెవికి మొదట కడవ వినిపిస్తుంది, నీళ్ళ కడవ. ఆ పొరపాటులోనూ అర్థం లేకపోలేదు. ఎంత మంచి కడవైనా మూత తీసి వదిలేస్తే కాకి మూతి పెడుతుంది.

తొలి దొంగ పరిశోధక విద్యార్థి

పాస్‌వర్డు పుట్టిన చోటే దాని దొంగతనం కూడా పుట్టింది. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను తయారుచేసింది. ఒక్క పెద్ద యంత్రం, దానికి తీగలతో కలిపిన బోలెడు టెర్మినళ్ళు. టైపు మిషను లాంటి ఆ టెర్మినల్ ముందు ఎవరైనా కూర్చోవచ్చు. మరి ఎవరి ఫైళ్ళు వాళ్ళకే కనిపించడం ఎలా? తలా ఒక రహస్యమాట ఇస్తే సరి అనుకున్నారు.

అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి ఆ యంత్రం మీద వారానికి నాలుగు గంటలే ఇచ్చారు. అతని పనికి అది చాలదు. 1962లో ఒక శుక్రవారం రాత్రి, పాస్‌వర్డులన్నీ ఉన్న ఫైలును ప్రింటు తియ్యమని ఒక పంచ్ కార్డు పెట్టి పోయాడు. శనివారం పొద్దున కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. ఆ తరువాత ఇతరుల పేర్లతో లాగిన్ అయి తన లెక్కలు తాను చేసుకున్నాడు. ఈ సంగతి తనంతట తాను ఒప్పుకోవడానికి పాతికేళ్ళు తీసుకున్నాడు.

అదే యంత్రం మీద 1966లో ఇంకో ముచ్చట జరిగింది. లాగిన్ అయినవారందరికీ ఆనాటి కబురు చూపించే ఫైలూ, పాస్‌వర్డుల ఫైలూ ఎడిటర్లో తారుమారయ్యాయి. ఆ రోజు లాగిన్ అయిన ప్రతి ఒక్కరికీ ఆనాటి కబురుకు బదులు అందరి పాస్‌వర్డులూ దర్శనమిచ్చాయి. తాళం ఎవరూ పగలగొట్టలేదు. తాళపుచెవుల గుత్తిని ఇంటివాళ్ళే గుమ్మానికి తగిలించారు.

దొంగ గుమ్మం

తిరువళ్ళూరు జిల్లాలో ఇంజినీరింగు కాలేజీలకు కొదవ లేదు. యూనిక్స్ ల్యాబుల్లో చదివిన తరాన్ని కదిలిస్తే ఒక కొంటె పని గుర్తొచ్చి నవ్వుతారు. లాగిన్ పేజీని పోలిన చిన్న ప్రోగ్రాం రాసి, దాన్ని నడిపించి లేచిపోవడం. తరువాత వచ్చినవాడు అది నిజమైన తెరేననుకుని పేరు, పాస్‌వర్డు కొడతాడు. ‘తప్పు, మళ్ళీ ప్రయత్నించండి’ అని వస్తుంది. ఈలోగా దొంగ ప్రోగ్రాం వాటిని దాచుకుని తప్పుకుంటుంది, అసలు తెర ముందుకొస్తుంది. రెండోసారి సరిగ్గానే లోపలికి వెళతాడు కాబట్టి మొదటిసారి వేలు జారిందనుకుంటాడు.

ఆఫీసు కంప్యూటర్లలో లాగిన్‌కి ముందు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కమని అడగడం వెనక ఉన్నది ఈ భయమే. ఆ మూడు మీటల జోడింపును ఐబీఎంలో డేవిడ్ బ్రాడ్లీ పెట్టింది యంత్రాన్ని తిరిగి ప్రారంభించడానికి. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ దానికి కొత్త కొలువు ఇచ్చింది. ఆ మూడూ నొక్కితే కబురు నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కే చేరుతుంది, మధ్యలో మామూలు ప్రోగ్రాం ఏదీ దాన్ని పట్టుకోలేదు. అంటే అప్పుడు వచ్చే తెర అసలైనదే. రోజూ నొక్కేవాళ్ళలో చాలామందికి అదొక తంతు, ఎందుకో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే విసుక్కునేవాళ్ళు తగ్గేవారు.

ఎవరి జేబు, ఎవరి తాళం

రైల్వే రిజర్వేషన్ కిటికీ దగ్గర కథ వేరు. దేశంలోని అయిదు రిజర్వేషన్ కేంద్రాలను ఒకదానితో ఒకటి కలిపిన ‘కాన్సర్ట్’ అనే వ్యవస్థ మొదలైంది 1994లో, మన సికింద్రాబాద్‌లోనే. అయిదు కేంద్రాలూ కలిసింది 1999లో. ఆ కలయిక వల్లే తిరువళ్ళూరు కిటికీలో నిలబడి విజయవాడ నుంచి విశాఖకు టికెట్టు తీసుకోగలుగుతున్నారు.

ఆ కిటికీ వెనక గుమాస్తా కూర్చోగానే తన పేరుతో లాగిన్ అవుతాడు. ఆయన డ్యూటీలో కొట్టిన ప్రతి టికెట్టూ ఆ పేరు మీదే పడుతుంది, దిగిపోయేటప్పుడు నగదు దానికి సరిపోవాలి. వంద తగ్గితే వంద ఆయన జేబులోంచే. అందుకే వరసలో ఎంత గొడవ జరుగుతున్నా కుర్చీ దిగేముందు ఆయన చెయ్యి దానంతటదే తెర మూయడానికి వెళుతుంది. ఎవరి ఉపన్యాసమూ అక్కర్లేదు.

జిరాక్స్ అంగట్లో లేనిది ఇదే. కుర్రాడు లేచిపోయాక ఏదైనా జరిగితే పోయేది ఆ తల్లి ఆధారో, పొద్దున వచ్చినవాడి జీమెయిలో. కుర్రాడికి పోయేదేమీ లేదు. సెషన్ భద్రత గురించి పుస్తకాల్లో చాలా రాశారు గానీ, అసలు సూత్రం ఈ రెండు కిటికీల మధ్య తేడాలోనే ఉంది. నష్టం తన జేబుకి తగిలేవాడు తాళం వేస్తాడు. పక్కవాడి జేబుకి తగిలేచోట తాళం మరుపున పడుతుంది.

రెవెన్యూ ఆఫీసులకి వస్తే ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తమిళనాడులో సర్టిఫికెట్టు దరఖాస్తు గ్రామాధికారి (వీఏఓ) నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు(ఆర్‌ఐ)కి, అక్కడి నుంచి తహసీల్దారుకి తెర మీదే ప్రయాణిస్తుంది. ఒక్కొక్కరికీ ఒక్కో లాగిన్. సరిహద్దు దాటి నగరి వైపు వెళితే మీసేవ. పేర్లు మారతాయి, పద్ధతి ఒకటే. తహసీల్దారు సంతకం ఇప్పుడు పెన్‌డ్రైవులా ఉండే చిన్న డిజిటల్ కీలో ఉంటుంది. అది యంత్రానికి గుచ్చి ఉండి, దాని పిన్ను ఆపరేటరుకు తెలిసి ఉంటే ఆ ఆపరేటరే తహసీల్దారు. ‘సారు మీటింగులో ఉన్నారు, కీ మా దగ్గరే ఉంది’ అన్న మాటలో అపాయం ఉందని ఆఫీసులో ఎవరికీ అనిపించదు. జనానికీ అనిపించదు, పని తొందరగా అయితే చాలు. రెండు తెలుగు రాష్ట్రాల పత్రికలు చదివేవాళ్ళకి డిజిటల్ కీ దుర్వినియోగం వార్తలు కొత్త కాదు. అలాంటి కేసుల్లో పోయేది సారు భూమి కాదు, ఎక్కడో ఊళ్ళో ఉన్న రైతు భూమి.

రెండు నెలలు లోపలే

కుర్చీలో కూర్చోవడానికి మనిషి రానక్కర్లేదన్న సంగతి హైదరాబాద్‌లో ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకుకి 2022 జనవరిలో తెలిసొచ్చింది.

పోలీసులు చెప్పిన కథ ఇలా ఉంది. 2021 నవంబరులో బ్యాంకు సిబ్బందికి రెండు వందలకు పైగా మోసపు ఈమెయిళ్ళు వచ్చాయి. ఇద్దరు ఉద్యోగులు వాటిని నొక్కారు. దానితో దూరం నుంచి కంప్యూటర్ని నడిపించే ప్రోగ్రాం లోపల చేరింది. అంటే ఉద్యోగి కుర్చీలో ఉండగానే, అతని భుజం మీదుగా కనిపించని మనిషి ఒకడు తెర చూస్తున్నాడు, కీబోర్డు మీద ఏ మీట నొక్కితే అది రాసుకుంటున్నాడు. రెండు నెలలు ఓపిగ్గా చూశాడు. జనవరిలో ఒక వారాంతంలో, బ్యాంకు నిద్రపోతున్నప్పుడు లేచాడు. ముందే తెరిపించి పెట్టుకున్న ఖాతాల్లోకి 12.48 కోట్ల రూపాయలు వెళ్ళిపోయాయి. అక్కడి నుంచి ఇంకొన్ని వందల ఖాతాల్లోకి, వాటి నుంచి దేశమంతటా ఏటీఎంలలోకి.

పోలీసులు ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి ఈ కథనానికి ముఖ్యం. దేన్నయినా మార్చగల ‘సూపర్ యూజర్’ ఖాతాలు ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉన్నాయి, వాటిలో కొన్నింటికి పాస్‌వర్డు ఒకటే. ఇంటికి పది తలుపులు పెట్టి అన్నింటికీ ఒకే తాళపుచెవి చేయించినట్టు. 2023లో రిజర్వు బ్యాంకు ఈ బ్యాంకుకి 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

తమిళనాడు బ్యాంకులకీ ఈ అనుభవం ఉంది. కుంభకోణం కేంద్రంగా నడిచే సిటీ యూనియన్ బ్యాంకులో 2018 ఫిబ్రవరిలో, విదేశాలకు డబ్బు పంపే స్విఫ్ట్ వ్యవస్థ నుంచి బ్యాంకుకే తెలియని మూడు ఆదేశాలు వెళ్ళాయి. దుబాయ్, టర్కీ, చైనాలకు. మొత్తం సుమారు 20 లక్షల డాలర్లు. మరునాడు లెక్కలు సరిచూసుకునేటప్పుడు బయటపడింది. దానికి రెండేళ్ళ ముందు, 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు ఇదే దారిలో 8.1 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. అక్కడా గురువారం రాత్రి, వారాంతపు సెలవు ముందు. దొంగలకి సెలవుల క్యాలెండరు బాగా తెలుసు.

నల్ల తెర వెనక

తెల్లారుజామున తిరుత్తణి నుంచి, తిరువళ్ళూరు నుంచి చెన్నై వైపు వెళ్ళే ఎలక్ట్రిక్ రైళ్ళలో ఐటీ ఉద్యోగులు చాలామందే ఉంటారు. అంబత్తూరులో కొందరు దిగుతారు, కొందరు ఇంకా ముందుకు వెళతారు. వీళ్ళలో సర్వర్లు చూసుకునే వాళ్ళని గుర్తుపట్టడం తేలిక. ల్యాప్‌టాప్ తెరిస్తే బొమ్మలుండవు. నల్ల తెర, మీద తెల్ల అక్షరాలు, ఒక మూల మిణుకుమనే గీత. దాన్నే వాళ్ళు ఇప్పటికీ టెర్మినల్ అంటారు. టైపు మిషన్ లాంటి యంత్రం పోయి ఏళ్ళయింది, పేరు మిగిలింది.

ఆ నల్ల తెర ఎక్కడో ఉన్న సర్వర్‌కి గుమ్మం. ఒకప్పుడు దీనికి టెల్‌నెట్ వాడేవారు. అందులో పాస్‌వర్డు పోస్టుకార్డు మీద రాసినట్టు దారి పొడుగునా కనిపిస్తూ వెళ్ళేది. ఫిన్లాండులో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఎవరో అలా పాస్‌వర్డులు ఏరుకున్నారని తేలాక, అక్కడి పరిశోధకుడు టాటు ఇలోనెన్ 1995లో ఎస్ఎస్‌హెచ్ రాశాడు. పోస్టుకార్డు కవరులోకి వెళ్ళింది. దారిలో దొంగ బెడద అలా తీరింది. కుర్చీ దగ్గరి బెడద తీరలేదు.

రైలు రెండు స్టేషన్ల మధ్య ఉండగా సిగ్నల్ పోతుంది. అయినా పని ఆగకుండా ఉండటానికి సర్వర్లు చూసేవాళ్ళు టీమక్స్ అనే సాధనం వాడతారు. దారి తెగినా సర్వర్‌లో సెషన్ బతికే ఉంటుంది. సిగ్నల్ రాగానే వదిలిన చోట నుంచి అందుకోవచ్చు. బంగారం లాంటి సౌకర్యం. ఇందులోనే తిరకాసు కూడా ఉంది. మరిచిపోయిన సెషన్లు సర్వర్‌లో వారాల తరబడి అలాగే వేలాడుతుంటాయి, యజమాని అధికారాలతో సహా. ఉద్యోగం మానేసినవాడి సెషన్ అతని కంటే ఎక్కువ కాలం కొలువు చేసిన సర్వర్లుంటాయి.

ఇంకొకటి సుడో. యంత్రం మీద సర్వాధికారం కావలసిన పనికి ముందు ఈ ఆదేశం వాడతారు, అది ఒకసారి పాస్‌వర్డు అడుగుతుంది. ఉబుంటు లైనక్సులో మామూలుగా ఆ తరువాత పదిహేను నిమిషాలు మళ్ళీ అడగదు. పదిహేను నిమిషాలంటే ఒక ఫిల్టరు కాఫీ, దానితో పాటు కాస్త ఆఫీసు రాజకీయం. కాఫీకి లేచినవాడి తెర తెరిచే ఉంటే, ఆ కుర్చీలో కూర్చున్నవాడికి మొత్తం యంత్రం ధారాదత్తం.

దీనికి విరుగుళ్ళు పాతవే, ఖర్చు లేనివే. టీఎంఓయూటీ అనే అమరికలో 300 అని రాస్తే, అయిదు నిమిషాలు ఎవరూ ఏమీ కొట్టకుంటే ఆ సెషన్ దానంతటదే మూసుకుంటుంది. వీలాక్ అనే చిన్న ప్రోగ్రాం నల్ల తెరకి తాళం వేస్తుంది. లాగిన్ కాగానే చాలా సర్వర్లు మొదటి వరసలో ఒక మాట చెబుతాయి, ‘కిందటిసారి మీరు వచ్చింది ఫలానా రోజు, ఫలానా సమయం, ఫలానా చోటి నుంచి’ అని. రోజూ కనిపించేది కాబట్టి ఎవరూ చదవరు. తాను నిద్రపోతున్న వేళ అందులో కనిపిస్తే తన పేరుతో ఎవరో వచ్చి వెళ్ళారన్నమాట. ఇంత సూటిగా ఫిర్యాదు చేసే కాపలాదారు ఇంకొకడు దొరకడు.

ఒక టెర్మినల్లోకి ఇంకో ప్రోగ్రాం దొంగచాటుగా అక్షరాలు దూర్చే వెసులుబాటు కూడా యూనిక్స్‌లో దశాబ్దాలుగా ఉండేది. ఎవరో కీబోర్డు మీద కొట్టినట్టే యంత్రం అనుకునేది. యూనిక్స్ కుటుంబానికే చెందిన ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు 2017లో దాన్ని తీసిపారేశారు. లైనక్సులో దాన్ని కట్టిపెట్టుకునే మీట 2023లో వచ్చింది. పాత ఇళ్ళలో ఎందుకు పెట్టారో తెలియని దొడ్డిదారులుంటాయి చూడండి, అలాంటిది.

చిన్న తేడాని వదలకుండా పట్టుకుంటే ఏమవుతుందో 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో పనిచేసే క్లిఫ్ స్టోల్ చూపించాడు. కంప్యూటర్ వాడకం లెక్కలో 75 సెంట్లు తేడా వచ్చింది. టీ నీళ్ళ డబ్బులు. ఆయన వదల్లేదు. ఆఫీసు అంతా గాలించి టెర్మినళ్ళూ ప్రింటర్లూ పట్టుకొచ్చి, బయటి నుంచి వచ్చే యాభై లైన్లకీ తగిలించి, ఎవరు ఏం కొడుతున్నారో కాగితం మీదికి తెప్పించాడు. ఆ కాగితాల్లో దొరికినవాడు పశ్చిమ జర్మనీ నుంచి అమెరికా సైనిక కంప్యూటర్లు వెతుకుతున్న గూఢచారి.

గడియారం మీద మౌసు

అయితే తెర అయిదు నిమిషాలకోసారి దానంతటదే మూసుకునేలా చేస్తే సరిపోతుందా? కొన్ని ఆఫీసులు అదే చేశాయి. మనిషి బుర్ర దానికీ దారి కనిపెట్టింది. ముళ్ళున్న చేతిగడియారం విప్పి దాని మీద మౌసు పెడతారు. సెకన్ల ముల్లు కదిలినప్పుడల్లా కింద వెలుగు కదిలి, తెర మీద బాణం రవంత జరుగుతుంది. యంత్రం మనిషి ఉన్నాడనుకుంటుంది. మనిషి క్యాంటీన్లో ఉంటాడు.

దీన్ని సోమరితనం అని కొట్టిపారేయడం న్యాయం కాదు. గంటకి పన్నెండుసార్లు పాస్‌వర్డు కొట్టించుకునే యంత్రాన్ని ఎవరైనా మోసం చేస్తారు, లేదా పాస్‌వర్డు చీటీ మీద రాసి మానిటరుకు అంటిస్తారు. కార్డుల వివరాలు దాచే సంస్థలకి ఉన్న పీసీఐ ప్రమాణం, కదలిక లేకుంటే తాళం పడటానికి పదిహేను నిమిషాల గడువు పెట్టింది. అంతకంటే బిగిస్తే ఉన్న తాళమూ ఊడుతుందని దాన్ని రాసినవాళ్ళకి తెలిసినట్టుంది. తాళం వేయడం లేచినంత తేలిగ్గా ఉండాలి. విండోస్‌లో అది రెండు మీటలు, విండోస్ గుర్తున్న మీటా, ఎల్ అక్షరమూ కలిపి. తాళం తియ్యడానికి వేలిముద్ర పెట్టే పరికరం ఉంటే విసుగు ఇంకా తగ్గుతుంది. ఒక ఆఫీసు సిబ్బంది తాళం వేయడం లేదంటే ముందు చూడాల్సింది సిబ్బంది క్రమశిక్షణ కాదు, తాళం తీయడానికి వాళ్ళు పడే పాట్లు.

చట్టానికి మాత్రం విసుగుతో పని లేదు. ఇతరుల పాస్‌వర్డునో డిజిటల్ సంతకాన్నో మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అనుమతి లేకుండా కంప్యూటర్లోకి వెళ్ళడం 43వ సెక్షన్‌లో ఉంది. అది దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ లాగ్‌లను, అంటే వాడకం చిట్టాలను, 180 రోజులు దాచాలి, దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో తెలపాలి. ఆ లాగ్‌లో ఉండేది లాగిన్ పేరు. ఆ వేళ కుర్చీలో ఎవరున్నారో దానికి తెలియదు. ‘నేను టీకి వెళ్ళాను’ అని రుజువు చేసుకోవడం పేరు గలవాడి పని.

విస్తరినే ఎత్తుకుపోతే

కొత్త దొంగలు కుర్చీ దాకా కూడా రారు, విస్తరినే ఎత్తుకుపోతారు. వెబ్‌సైట్లు లాగిన్ అయినవారి బ్రౌజర్లో ఒక చిన్న గుర్తు దాస్తాయి, కుకీ అంటారు. ‘ఈయన ఇందాక పాస్‌వర్డు చెప్పాడు, మళ్ళీ అడగొద్దు’ అని దాని సారాంశం. ఆ గుర్తును కాపీ చేసుకుని ఇంకో కంప్యూటర్లో పెడితే చాలు. పాస్‌వర్డు అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. 2023 మార్చిలో కోటిన్నర మంది చందాదారులున్న లైనస్ టెక్ టిప్స్ యూట్యూబ్ ఛానల్ ఇలాగే పోయింది. ప్రకటన ఒప్పందం అని వచ్చిన ఫైలును ఒక ఉద్యోగి తెరిచాడు. అది పీడీఎఫ్ కాదు. కాసేపటికి ఆ ఛానల్లో క్రిప్టో మోసం ప్రత్యక్ష ప్రసారమవుతోంది. కంప్యూటర్ల గురించి లోకానికి చెప్పేవాళ్ళ ఇంట్లోనే ఇది జరిగింది కాబట్టి, తిరుత్తణి జిరాక్స్ అంగడి కుర్రాడిని మరీ నిందించడానికి నోరు రాదు.

ఆ అంగడి దగ్గరికే మళ్ళీ వస్తే, అక్కడ అందరికంటే ఎక్కువగా తెరిచి ఉండేది వాట్సాప్ వెబ్. ప్రింటు కోసం ఫైలు పంపాలి, ఇంట్లో ఎవరో పంపిన ఫొటో కావాలి. ఫోను చూపించి కోడ్ స్కాన్ చేస్తారు, ప్రింటు తీసుకుంటారు, డబ్బులిచ్చి బస్సెక్కుతారు. ఫోను వాళ్ళ జేబులోనే ఉంది కాబట్టి వాట్సాప్ కూడా జేబులోనే ఉందనుకుంటారు. అంగట్లో తెర మీద వాళ్ళ కబుర్లు వస్తూనే ఉంటాయి, ఫోను ఆఫ్ చేసినా సరే. అసలు ఫోన్లో వాట్సాప్‌ను పధ్నాలుగు రోజులు వాడకుండా ఉంటే ఆ కలయిక దానంతటదే తెగిపోతుంది. వాట్సాప్‌ను పధ్నాలుగు రోజులు ముట్టని మనిషి ఈ జిల్లాలో ఉంటే చూపించాలి. 2025 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ, ఇలాంటి యాప్‌ల వెబ్ సెషన్లు ఆరు గంటలకు మించకుండా తెగిపోవాలని ఆదేశించింది. ఆఫీసుల్లో రోజంతా దాని మీదే పని నడిపేవాళ్ళకి అది తలనొప్పే. జిరాక్స్ అంగడిలో మరిచిపోయి వెళ్ళిన తల్లికి మాత్రం ఆరు గంటలు కూడా ఎక్కువే.

అందుకని, ఈ పేజీ తిప్పేముందు ఒక పని. ఫోన్లో వాట్సాప్ తెరిచి, పైనున్న మూడు చుక్కలు నొక్కితే ‘లింక్డ్ డివైసెస్’ అని కనిపిస్తుంది. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ఉంటుంది. అందులో మీరెరగని కంప్యూటర్ పేరు ఏదైనా ఉంటే దాని మీద నొక్కి లాగౌట్ చెయ్యండి. జీమెయిల్‌కీ ఇలాంటి జాబితా ఉంది, గూగుల్ ఖాతా భద్రత పేజీలో ‘మీ పరికరాలు’ అన్నచోట. ఈపాటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి.